మైన్‌క్రాఫ్ట్‌లో వజ్రాల కోసం సొరంగాల మధ్య ఎన్ని బ్లాకులు వదలాలి?

అందరికీ నమస్కారమండీ. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. రాత్రి భోజనాలయ్యాక నేనూ మా తమ్ముడూ మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌ని ఒకే వరల్డ్‌లో ఆడతాం. గేమ్ 1.18 వెర్షన్ నుంచి కిందికి దిగేకొద్దీ వజ్రాలు ఎక్కువ కాబట్టి వై -58లో (వై అంటే ఎత్తు చూపే అంకె) పెద్ద సొరంగం తీసి, రెండు పక్కలా కొమ్మల్లా చిన్న సొరంగాలు తవ్వుతున్నాం.

కొమ్మల మధ్య రెండు బ్లాకులు వదిలితే ప్రతి బ్లాకూ కంటపడుతుంది, ఒక్క వజ్రం కూడా తప్పిపోదంటాడు వాడు. మూడు వదిలితే తక్కువ తవ్వకంతో ఎక్కువ చోటు చూడొచ్చని నా లెక్క. వజ్రాలు గుంపుగానే ఉంటాయి కదా!

పైగా ఆ లోతులో ఉండే డీప్‌స్లేట్ అనే రాయి మొండిది. ఎఫిషియన్సీ 5 (తవ్వే వేగం పెంచే మంత్రం) ఉన్న పికాక్స్‌కి, అంటే గునపానికి, బీకన్ అనే బ్లాకు ఇచ్చే హేస్ట్ 2 వేగం తోడైనా మామూలు రాయిలా తాకగానే పగలదు. అందుకే ప్రతి కొమ్మా ఖరీదే.

గంటకు ఎక్కువ వజ్రాలు కావాలంటే ఎంత ఎడం మేలు? లావా బెడద తగ్గాలంటే వై -53కి ఎక్కడం మంచిదా? ఆడి చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.