డే కేర్ ఆపరేషన్‌కి పొద్దున్నుంచి కూర్చోబెట్టారు, ఎవరిని అడగాలి?

పెద్దకూతురు:
అమ్మకి 78. పొద్దున 7కల్లా రమ్మన్నారు, వచ్చాం. ఇప్పుడు ఒంటిగంట దాటింది. అడిగితే "పిలుస్తాం కూర్చోండి" తప్ప ఇంకో మాట లేదు. మాకంటే చాలా వెనక వచ్చినవాళ్లు అయిపోయి వెళ్లిపోతున్నారు. ఇది న్యాయమేనా? ఎవరితో మాట్లాడితే పని అవుతుందో కాస్త చెప్పండి.

నీలికొండ:
ఏ ఆపరేషన్? మత్తు ఎలాంటిది? షుగర్, బీపీ ఉన్నాయా? ఇవేవీ చెప్పకుండా ఏం చెప్పమంటారు.

వేపచెట్టు:
అసలు జబ్బంతా లిస్టు వేసే పద్ధతిలోనే ఉందండి. ఎవరైనా రాకపోతే సర్జన్ ఖాళీగా ఉండకూడదని అందరినీ ఒకే టైముకి రమ్మంటారు, ఆ ఖాళీ అంతా పేషెంట్ల నెత్తిన పడుతుంది. ఇద్దరు ముగ్గురిని గంట గంట తేడాతో పిలిస్తే సరిపోయేదానికి ఎనభై ఏళ్లవాళ్లని ప్లాస్టిక్ కుర్చీల్లో పూటంతా కూర్చోబెడుతున్నారు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నోటిమాటకి విలువుండదు.

పెద్దకూతురు:
కంటి శుక్లం. షుగర్ ఉంది. రాత్రి మాత్ర వేసుకుంది, తర్వాత మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఏమీ తీసుకోవద్దన్నారుగా. కంట్లో చుక్కలు వేశారు, ఎదురుగా ఉన్న నా మొహమే మసగ్గా ఉందంటోంది. ఏసీకి చేతులు వణుకుతున్నాయి, చెమట కూడా పట్టింది. సరే, ఫిర్యాదు ఎవరికివ్వాలి?

రిటైర్డ్ నర్సు:
అమ్మా, ఫిర్యాదు తర్వాత. ఏసీలో చెమటేమిటి? షుగర్ పడిపోతుందేమో, ముందు లేచి నర్సుని పిలువు, వేలికి గుచ్చి చూడమను. 70 కంటే తక్కువుంటే వెంటనే గ్లూకోజ్ ఇవ్వాలి. "చాలాసేపైంది" అనకు, "షుగర్ పేషెంటు, రాత్రి మాత్ర వేసుకుంది, వణుకుతోంది" అను, పరిగెత్తుకొస్తారు. అమ్మని ఒంటరిగా బాత్రూంకి పంపకు, ఆ చుక్కలతో తూలి పడతారు.

వేపచెట్టు:
నోట్లో చారెడు పంచదార వేస్తే పోయేదానికి...

నీలికొండ:
ఆపరేషన్ ముందు కడుపులో ఏమీ ఉండకూడదు. పంచదార అసలే వద్దు.

రిటైర్డ్ నర్సు:
పూర్తి మత్తు ఇచ్చేవాళ్లకి కూడా సాధారణంగా గట్టి తిండికే 6 గంటలు, మంచినీళ్లకి 2 గంటలే. కంట్లో చుక్కలతోనే తిమ్మిరెక్కించి చేసే శుక్లానికి చాలాచోట్ల అసలు పస్తే పెట్టరు. రాత్రి నుంచి నీళ్లు కూడా లేకుండా పెద్దవాళ్లని ఎండబెడితే బీపీ పడిపోతుంది, తికమకగా మాట్లాడతారు. కానీ షుగర్ పడిపోతే ఈ లెక్కలేవీ చూడకూడదు. నర్సు పక్కనే ఉంది కాబట్టి వాళ్లకి చెప్పి వాళ్ల చేతే ఇప్పించాలి, ఎవరూ లేకపోతే పంచదార నీళ్లే దిక్కు, మనిషి మింగగలిగితేనే. బీపీకి అటెనలాల్ లాంటివి వాడేవాళ్లకి వణుకు, దడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

వేపచెట్టు:
అందుకే షుగర్ వాళ్లని లిస్టులో మొదట పెట్టాలంటాను. పేర్లు రాసేటప్పుడే అడగాలి.

పెద్దకూతురు:
62 ఉంది. గ్లూకోజ్ పెట్టారు. డాక్టరుగారు వచ్చి చూశారు, తర్వాత అమ్మదేనట. థాంక్స్ అక్కా.

సాయంకాలం:
మా నాన్నగారికి వచ్చేవారం హెర్నియా, ఇన్సులిన్ మీద ఉన్నారు. పొద్దున డోసు మానేయాలా, సగం వేయాలా?

నీలికొండ:
మత్తు డాక్టరుని అడగండి. ఇక్కడ కాదు.