అప్‌డేట్: దుబాయ్ వదిలి మెట్‌పల్లి వచ్చేస్తున్నా

ఏళ్ల తరబడి దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా చేశాక ఊరికి తిరిగి రావాలా వద్దా అని అడిగాను కదా. వచ్చేస్తున్నా. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) లెక్క ముందే చూసుకోమన్న అన్నకు చాలా థ్యాంక్స్. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం (అలవెన్సులు కలపనిది), ఆపైన ఏడాదికి 30 రోజులది ఇస్తారు. బేసిక్ మీదే కాబట్టి అనుకున్నంత రాదు, కానీ అప్పు తీరిపోతుంది.

అసలు నిర్ణయం మాత్రం అమ్మను చూశాకే. పసుపు ఉడకబెడుతూ వీడియో కాల్ చేసింది. కడాయి కింద కట్టెలు ఎగదోయడానికి వంగి, మోకాళ్లు పట్టుకుని అక్కడే కూలబడిపోయింది. ఇంక ఆ పని ఆమెతో చేయించలేను. పసుపు చేను నేనే చూసుకుంటా, ఎండాకాలం ఏసీ రిపేర్లు ఎలాగూ ఉంటాయి. పిల్లల ఫీజుల గురించి నా భార్యకు ఇంకా టెన్షనే. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇంట్లో ఉంటా.