రక్తం తక్కువున్న ఆడపిల్లలతో గేమ్స్ పీరియడ్‌లో ఏం చేయించాలి?

అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. తొమ్మిదో తరగతికి గేమ్స్ పీరియడ్ మధ్యాహ్నం 3:30కి. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తేసరికి ముగ్గురు ఆడపిల్లలకు కళ్లు తిరిగి, గుండె దడ, ఆయాసం వస్తున్నాయి. కూర్చుంటే పది నిమిషాల్లో తగ్గుతోంది. ఎండవల్ల అనుకుని వేపచెట్ల నీడకి మార్చాను, ఓఆర్‌ఎస్ తాగించాను, వార్మప్ పెంచాను. తేడా లేదు.

ఏఎన్‌ఎం చూస్తే హిమోగ్లోబిన్ 9, 10 మధ్య ఉంది. ఈ వయసుకి కనీసం 12 ఉండాలి. డాక్టరు రోజూ వేసుకోమని ఐరన్ మాత్రలు రాశారు. వికారమని పారేస్తుంటే, భోజనం అయ్యాక నా ఎదుటే మింగిస్తున్నాను. ‘ఎక్కువ శ్రమ వద్దు’ అన్నారు, అంతకుమించి వివరం లేదు. పక్కన కూర్చోబెడితే చిన్నబుచ్చుకుంటున్నారు, కబడ్డీ అంటే ప్రాణం పెట్టే పిల్లలు.

హిమోగ్లోబిన్ పెరిగేదాకా వీళ్లతో ఏ వ్యాయామాలు, ఎంతసేపు చేయించొచ్చు?