ఇండియా ఈ-అరైవల్ కార్డ్: ఇంట్లో ముగ్గురం, మూడు రకాల లెక్కలు, ఎవరు నింపాలి?

తెనాలి_టు_డాలస్

అందరికీ నమస్తే అండి. వచ్చే బుధవారం డాలస్ నుంచి బయల్దేరుతున్నాం, దుబాయ్ మీదుగా హైదరాబాద్, శుక్రవారం తెల్లారుజామున మూడింటికి దిగుతాం, అక్కణ్ణించి కారులో తెనాలి. మా నాన్నగారి సంవత్సరీకం. సోమవారం తిథి, కాబట్టి ఏదన్నా తేడా వచ్చి ఎయిర్‌పోర్ట్‌లో ఆగిపోతే మళ్ళీ రేపు చూద్దాం అనుకునే వీల్లేదు, అందుకే ఇంత ముందుగా అడుగుతున్నా.

మా సంగతి ఇదీ. పోయినేడాది నాకు అమెరికన్ సిటిజన్‌షిప్ వచ్చింది, తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు) కూడా చేతికొచ్చింది. నాన్న పోయినప్పుడు ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే వెళ్ళా, ఏ ఫారమూ అడగలేదు. అమెరికన్ పాస్‌పోర్ట్‌తో దిగడం ఇదే మొదటిసారి. మా ఆవిడది గ్రీన్ కార్డ్, పాస్‌పోర్ట్ ఇండియాదే. పాప ఇక్కడే పుట్టింది, తొమ్మిదేళ్ళు, నెలల పిల్లప్పుడే ఓసీఐ తీసుకున్నాం, కానీ తర్వాత పాస్‌పోర్ట్ రెన్యూ అయింది కాబట్టి ఓసీఐ కార్డు మీద పాత నంబరే ఉంది.

ఇప్పుడు ఈ-అరైవల్ కార్డ్ అని ఆన్‌లైన్‌లో నింపాలంటున్నారు. ఒకాయన ఓసీఐ ఉంటే అక్కర్లేదు, మనం ఫారినర్స్ కాదు కదా అన్నాడు, ఇంకొకాయన అందరూ నింపాలి, మీ ఆవిడ కూడా అన్నాడు. గూగుల్ చేస్తే ఒక సైట్ మనిషికి ఇంత అని డబ్బులు అడుగుతోంది. ఇటీవల వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ప్లేనో_గోదారి

నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది అండి. కంగారు పడకండి, ఇది పది నిమిషాల పని. మేం డిసెంబర్‌లో వెళ్ళొచ్చాం, ఇంట్లో నలుగురం, రెండు ఓసీఐలు రెండు ఇండియన్ పాస్‌పోర్ట్‌లు, దాదాపు మీ లెక్కే.

ఎవరు నింపాలి అనేది చేతిలో ఉన్న పాస్‌పోర్ట్‌ని బట్టి ఉంటుంది. ఓసీఐ పేరులో సిటిజన్ అని ఉంది గానీ అది పౌరసత్వం కాదు, జీవితాంతం చెల్లే వీసా లాంటిది. ఇదివరకు విమానంలోనో ఇమ్మిగ్రేషన్ హాల్లోనో ఒక కాగితం ఇచ్చేవాళ్ళు చూడండి, ఫారిన్ పాస్‌పోర్ట్ వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పక్కవాళ్ళ పెన్ను అడుక్కుని నింపేవాళ్ళు, 2025 అక్టోబర్ 1 నుంచి దాన్నే ఆన్‌లైన్ చేశారు. కాబట్టి మీదొకటి, పాపదొకటి నింపండి. మా రెండు ఓసీఐలకీ నింపాం, కౌంటర్లో అడిగారు, చూపించాం. మీ ఆవిడకి అక్కర్లేదు, ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి దిగేటప్పటి కార్డు 2014లోనే తీసేశారు, వెళ్ళేటప్పటిది 2017 జూలైలో తీసేశారు.

ఎక్కడ నింపాలంటే ఇండియన్ వీసా ఆన్‌లైన్ అనే ప్రభుత్వ సైట్‌లో, చివర గవ్ డాట్ ఇన్ ఉందా లేదా అన్నది ముందు చూసుకోండి. సు-స్వాగతం అని యాప్ కూడా ఉంది. రెండింట్లోనూ పైసా ఖర్చు లేదు. కాగితాలు అప్‌లోడ్ చేసే గొడవ కూడా ఏం లేదు, పేరు, పాస్‌పోర్ట్ నంబర్, ఫ్లైట్, ఎందుకొస్తున్నారు, ఈ మధ్య ఏ దేశాలు వెళ్ళారు, ఇండియాలో అడ్రస్, ఫోను, ఈమెయిల్, అంతే.

టైమ్ దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. దిగడానికి 72 గంటల లోపు నింపాలి, ఎక్కడానికి కాదు. మీరు శుక్రవారం తెల్లారి మూడింటికి దిగుతున్నారు అంటే మన టెక్సాస్‌లో అప్పుడు గురువారం మధ్యాహ్నం మూడున్నర, అక్కణ్ణించి మూడు రోజులు వెనక్కి లెక్కేసుకుంటే సోమవారం మధ్యాహ్నం మూడున్నర తర్వాత నింపొచ్చు. సోమవారం రాత్రి పాప పడుకున్నాక కూర్చోండి. బుధవారం ఎయిర్‌పోర్ట్‌లో సామాన్ల హడావిడిలో పెట్టుకోవద్దు.

కరీంనగర్_జెర్సీ

పైన అన్న చెప్పింది కరెక్టే, ఫ్లైట్ నంబర్ గురించి నేనొకటి చెప్త. ఇండియాల దిగే ఫ్లైట్ నంబర్ వెయ్యాలె. మీకైతే డాలస్ నుంచి దుబాయ్ పోయేది కాదు, దుబాయ్ నుంచి హైదరాబాద్ వచ్చేది. టికెట్ మీద పైన ఉన్నది చూసి వేసేస్తరు మస్తుమంది, నేను గూడ మొదలు గట్లనే వేసిన, మల్ల చూసుకొని ఇంకోటి నింపిన.

నేను నెవార్క్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి హైదరాబాద్ పోయిన. అప్పుడు లెక్క ఉల్టా, ఇమ్మిగ్రేషన్ ఢిల్లీలనే అయిపోతది కాబట్టి నెవార్క్-ఢిల్లీ నంబరే వెయ్యాలె, శంషాబాద్ పోయే డొమెస్టిక్ ఫ్లైట్‌తోని ఈ కార్డుకు సంబంధం లేదు. అడ్రస్ మాత్రం ఎక్కడ ఉంటరో అదే రాయాలె, నేను మా ఊరిది రాసిన, ఢిల్లీల ఎవ్వరు ఏమనలే.

ఇంకొకటి, ఫ్లైట్ మారితే మల్ల నింపుకోండ్రి. మాది మంచు పడి ఒక రోజు లేటయింది, ఎయిర్‌పోర్ట్‌లనే కూసొని కొత్త నంబర్, కొత్త తేదీ వేసి నింపిన, ఐదు నిమిషాలు గూడ పట్టలే.

జగిత్యాల_షార్జా

అన్నలు, నడుమల అడుగుతున్న ఏమనుకోకుండ్రి. నేను షార్జాల పని చేస్త, మూడేండ్ల తర్వాత ఇంటికి పోతున్న, పాస్‌పోర్ట్ ఇండియాదే. ఇక్కడ టికెట్ బుక్ చేసినాయన ఇప్పుడు కొత్త రూల్ వచ్చింది, అరైవల్ కార్డ్ లేకుంటే హైదరాబాద్‌ల బయటికి పోనియ్యరు, 30 దిర్హమ్‌లు ఇయ్యి నేనే నింపుత అంటుండు. మా రూంల ఉన్న నలుగురు ఇచ్చిండ్రు. నేను గూడ ఇయ్యాల్నా?

లెస్టర్_లక్ష్మి

తమ్ముడూ, ఒక్క దిర్హం కూడా ఇవ్వకు. నీది ఇండియన్ పాస్‌పోర్ట్, నీకు ఏ కార్డూ లేదు, పాస్‌పోర్ట్ చూపించి స్టాంపు వేయించుకుని బయటికి రావడమే. మీ రూంలో ఉన్నవాళ్ళకి కూడా చెప్పు, డబ్బులు వెనక్కి అడగమను. ఎండలో నిలబడి సంపాదించుకున్న డబ్బు అలా పోతుంటే నాకు నిజంగా కడుపు మండుతోంది, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళ కోసం ఎవరన్నా ఈ ముక్క తెలుగులో రాసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే ఎంతో మందికి మేలు.

డబ్బుల సైట్‌ల గురించి నా అనుభవం కూడా చెప్తా. మా అత్తయ్య గారికి అరవై ఎనిమిది, బ్రిటిష్ పాస్‌పోర్ట్, ఓసీఐ. నవంబర్‌లో ఒక్కరే వెళ్ళారు. నేను ఆఫీసులో ఉంటే ఆవిడే ఫోన్‌లో వెతికి మొదట కనిపించింది నొక్కారు, పైన మూడు సింహాల గుర్తు, జెండా రంగులు, అచ్చం ప్రభుత్వానిదే అనిపించేలా ఉంది, చివర్లో 45 పౌండ్లు కట్టమంది, కట్టేశారు. సాయంత్రం నేను చూసేసరికి వచ్చింది రసీదు మాత్రమే, కార్డు లేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆవిడ పాస్‌పోర్ట్ వివరాలన్నీ ఎవరి చేతికి వెళ్ళాయో తెలీదు, ఆ భయం ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి అసలు సైట్‌లో మళ్ళీ నింపి, వచ్చిన దాన్ని ప్రింట్ తీసి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టి ఇచ్చా. పెద్దవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే దయచేసి మీరే కూర్చుని నింపండి, ఫోన్‌లో చూపించుకుంటార్లే అని వదిలేయకండి.

ఎయిర్ సువిధ అని ఎక్కడన్నా కనిపిస్తే దాన్ని కూడా పట్టించుకోకండి, అది కోవిడ్ నాటిది, 2022 నవంబర్‌లోనే ఆపేశారు. పాత పేజీలు ఇంకా నెట్‌లో తిరుగుతున్నాయి.

తెనాలి_టు_డాలస్

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, సగం బరువు దిగింది. షార్జా తమ్ముడూ, నువ్వు అడగడం మంచిదైంది, మా ఆవిడ డౌట్ కూడా దాంతోనే తీరిపోయింది.

ఇంకా రెండు. పాపకి ఏ పాస్‌పోర్ట్ నంబర్ వెయ్యాలి, ఓసీఐ మీద ఉన్న పాతదా కొత్తదా? రెండోది, మా ఆవిడ నగలు కొన్ని తీసుకొస్తోంది, దానికి విడిగా ఏదన్నా డిక్లరేషన్ ఉందా?

ప్లేనో_గోదారి

కొత్తదే. ఏ పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేస్తోందో ఆ నంబరే. ఓసీఐ కార్డు మీద పాత నంబర్ ఉందని భయం వద్దు, 20 ఏళ్ళ లోపు పిల్లలకి పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ కొత్త ఓసీఐ కార్డు తీసుకోవాలన్న రూల్ 2021లో తీసేశారు. దాని బదులు కొత్త పాస్‌పోర్ట్ కాపీ, కొత్త ఫొటో ఓసీఐ సైట్‌లో అప్‌లోడ్ చేయాలి, ఫీజు లేదు. పాస్‌పోర్ట్ వచ్చిన మూడు నెలల్లో చేయాలని ఉంది, మీరు చేయకపోయి ఉంటే ఇవాళే చేసేయండి. పాత పాస్‌పోర్ట్ తీసుకెళ్ళాలన్న నియమం ఇప్పుడు లేదు, అయినా నేనైతే పిల్లల పాతవి బ్యాగులో వేసుకునే వెళ్తా, నంబర్ కలవలేదని అడిగితే అక్కడికక్కడే చూపించొచ్చు.

నగలది పూర్తిగా వేరే డిపార్ట్‌మెంట్, కస్టమ్స్. అరైవల్ కార్డ్ ఇమ్మిగ్రేషన్‌ది, రెండూ కలిపి చూసుకోవద్దు. ఏడాది పైగా బయట ఉండి వస్తున్నవాళ్ళకి ఆడవాళ్ళైతే 40 గ్రాములు, మిగతావాళ్ళకి 20 గ్రాముల నగలు డ్యూటీ లేకుండా తేవచ్చు. ఇదివరకు బరువుతో పాటు లక్ష, యాభై వేలు అని విలువ పరిమితి కూడా ఉండేది, ఇప్పటి బంగారం రేటుకి అది ఏ మూలకీ వచ్చేది కాదు, 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బ్యాగేజీ రూల్స్‌లో అది తీసేసి బరువే లెక్క అన్నారు. మిగతా సామాను పరిమితి కూడా మనిషికి 50 వేల నుంచి 75 వేల రూపాయలకి పెంచారు. ఇవి దాటితేనే డిక్లేర్ చేసి రెడ్ ఛానెల్‌లో వెళ్ళాలి, అతిథి అని కస్టమ్స్ వాళ్ళ యాప్ ఉంది, అందులో ముందే చేసుకోవచ్చు. దాటకపోతే గ్రీన్ ఛానెల్. నగల బిల్లులు ఉంటే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమనండి మీ ఆవిణ్ణి.

కరీంనగర్_జెర్సీ

తరచుగ పోయేటోళ్ళకు ఇంకో మాట. ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్ అని ఉన్నది, ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకు, ఓసీఐ వాళ్ళకు ఇద్దరికి. 2024 జూన్‌ల ఢిల్లీల షురూ చేసిండ్రు, 2025 జనవరి నుంచి హైదరాబాద్‌ల గూడ ఉన్నది. ఫ్రీనే. ఆన్‌లైన్‌ల అప్లై చేసి వేలిముద్రలు ఇయ్యాలె, తర్వాత గేటు కాడ స్కాన్ చేసుకొని పోవుడే. ఈ ట్రిప్‌కు టైమ్ సరిపోదు గని ముందు ముందు అమ్మ దగ్గరికి ఎక్కువ సార్లు పోతరు కదా, పెట్టుకోండ్రి.

తెనాలి_టు_డాలస్

అప్‌డేట్ ఇద్దామనుకున్నా, ఇప్పటికి తీరింది. తెనాలి నుంచే రాస్తున్నా.

సోమవారం రాత్రి నింపాం, రెండూ కలిపి పావుగంట. అడ్రస్ గడి దగ్గర మాత్రం ఆగిపోయా. ఇన్నేళ్ళూ ఏ ఫారం వచ్చినా కేరాఫ్ అని నాన్న పేరు రాయడం అలవాటు, చెయ్యి దానంతటదే ఆ పేరు టైప్ చేసేసింది. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయా. తర్వాత చెరిపి అమ్మ పేరు పెట్టా. నేషనాలిటీ గడి గురించి అన్ని రోజులు ఆలోచించా గానీ అక్కడ ఏమీ అనిపించలేదు, ఇక్కడ అనిపించింది.

హైదరాబాద్‌లో నలభై నిమిషాలు లైన్, మా ముగ్గుర్నీ ఒకే కౌంటర్‌కి రానిచ్చారు. నా ఫోన్ దుబాయ్‌లోనే ఛార్జ్ అయిపోయింది, లక్ష్మి గారు చెప్పారని తీసిన ప్రింట్ అక్కరకొచ్చింది. ఆఫీసర్ ఆ కాగితం, ఓసీఐ కార్డు, పాస్‌పోర్ట్ చూసి తెనాల్లో ఎవరున్నారు అని అడిగాడు, అమ్మ ఉంది సార్ అన్నా, స్టాంప్ కొట్టేశాడు. పాప ఓసీఐ మీద పాత నంబర్ చూసి పాత పాస్‌పోర్ట్ ఉందా అని మాత్రం అడిగాడు, ఇస్తే ఒకసారి తిప్పి చూసి ఇచ్చేశాడు. కాబట్టి గోదారి గారు చెప్పినట్టు పాతది వెంట ఉంచుకోండి. కస్టమ్స్‌లో గ్రీన్ ఛానెల్, ఎవరూ ఆపలేదు.

ఎనిమిదింటి లోపే సూర్యాపేట దాటేశాం. కార్యక్రమం నిన్న సవ్యంగా జరిగింది.

జగిత్యాల_షార్జా

అన్నా మంచిగైంది. నేను గూడ మొన్న దిగిన. పాస్‌పోర్ట్ చూసిండ్రు, స్టాంప్ ఏసిండ్రు, ఏ కార్డు అడగలే. మా రూమోళ్ళకు అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పిన, ఇద్దరికి డబ్బులు వాపస్ ఇచ్చిండట, ఇంకిద్దరు అడుగుతున్నరు.