మన్యం గ్రామంలో దీక్షా స్వాములకు ఆతిథ్యం: ఏర్పాట్ల గురించి సందేహం

ప్రశ్న

స్వామి శరణం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఒక కొండ గ్రామంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, భార్యతోనూ నాలుగేళ్ల బాబుతోనూ రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఈ ఏడాది మండల దీక్ష తీసుకున్నాను. ఇక్కడ అయ్యప్ప ఆలయం గానీ, భజన బృందం గానీ లేవు. ఏటా నాతో కలిసి మాల వేసుకునే నర్సీపట్నం వైపు స్వాములు తొమ్మిది మంది డిసెంబరు మొదటి శనివారం మా ఇంటికి వచ్చి, ఆ రాత్రి పడిపూజ చేసుకుని, ఆదివారం భిక్ష స్వీకరించి వెళ్తామంటున్నారు. వారిలో డెబ్బై దాటిన గురుస్వామి, ఎనిమిదేళ్ల మాళికాపురం (మాల వేసుకున్న బాలిక) కూడా ఉన్నారు.

వారు రావడం మాకు ఎంతో సంతోషం. అయితే మా ఊరికి నీళ్లు కొండ ఊట నుంచి పైపులో వస్తాయి, అదీ ఉదయం కొంతసేపే. సెల్ సిగ్నల్ కావాలంటే ఊరి చివర గట్టెక్కాలి. సరుకులకు గిరిజన సహకార సంస్థ డిపో, వారానికొకసారి సంత తప్ప మరో ఆధారం లేదు. స్వాముల నియమాలకు లోటు రాకుండా, ఊరివారికి ఇబ్బంది కలగకుండా ఈ రెండు రోజులు ఎలా నడిపించాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు: ఏజెన్సీలో ఉద్యోగం చేసి విరమించిన ఒక గురుస్వామి

స్వామి శరణం. స్వామీ, మీరు పిలవదలచినవారి సంఖ్యను మీ ఇల్లు కాదు, మీ నీళ్లు నిర్ణయించాలి. దీక్షలో రెండు పూటలా శిరస్నానం తప్పదు కాబట్టి, మనిషికి పూటకు ఒక ఇరవై లీటర్ల బకెట్టు చొప్పున చూసినా తొమ్మిది మందికి రోజుకు 360 లీటర్లు స్నానాలకే కావాలి. వంట, తాగునీరు, మరుగుదొడ్డి, పూజ సామగ్రి కడగడం కలిపితే 550 లీటర్లకు తగ్గదు. ఊట నీరు సన్నగా వచ్చే ఊళ్లో ఇది చిన్న మొత్తం కాదు. 200 లీటర్ల డ్రమ్ములు మూడు సంపాదించి, గురువారం నుంచే రోజూ మీ వంతుకు వచ్చే నీళ్లలో కొంత నిలవ చేసుకోండి. ఉదయం ఆడవాళ్లు బిందెలతో కుళాయి దగ్గర ఉండే సమయంలో మన స్వాములు బకెట్లు పట్టుకుని అక్కడికి వెళ్లకూడదు. ఈ ఒక్క విషయంలో జాగ్రత్త తప్పితే ఆ ఇబ్బందిని మీరు ఏడాది పొడవునా మోయవలసి వస్తుంది, ఎందుకంటే వచ్చినవారు వెళ్లిపోతారు, ఆ ఊళ్లో ఉండవలసింది మీరు.

దగ్గరలో గెడ్డ (వాగు) ఉంటే ఉదయపు స్నానాలు అక్కడ పెట్టుకోవచ్చు. ఊరివారు తాగునీరు తెచ్చుకునే చోటికి దిగువన, నీటిని చెంబుతో ఒడ్డుకు తీసుకుని స్నానం చేయాలి, సబ్బు గానీ షాంపూ గానీ ప్రవాహంలో కలవకూడదు. తాగే నీటిని మాత్రం ఊట నీరే కదా అనుకోకుండా బాగా మరిగించి చల్లార్చి, మూత ఉన్న పాత్రలో పెట్టండి.

తర్వాతది చలి. డిసెంబరులో లంబసింగి, చింతపల్లి ప్రాంతంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే, కొన్ని తెల్లవారుజాముల్లో సున్నాకు దగ్గరగా వెళ్తుంది. మైదానం నుంచి వచ్చేవారికి ఈ చలి అలవాటుండదు. చన్నీటి స్నానం నియమమే అయినా, డెబ్బై ఏళ్ల స్వామికీ చిన్న మాళికాపురానికీ గోరువెచ్చని నీళ్లు ఇవ్వడంలో దోషం లేదని నా అభిప్రాయం. ఆ మాట గురుస్వామి నోటి నుంచే ముందుగా చెప్పించండి, అప్పుడు మిగిలినవారికి సంకోచం ఉండదు. పరుపులూ దిండ్లూ ఎలాగూ అక్కరలేదు. చాప కింద ఎండు వరిగడ్డి మందంగా పరిస్తే నేల చలి ఒంటికి ఎక్కదు. అయితే గడ్డి పరిచిన గదిలో దీపం ఉండకూడదు కాబట్టి పీఠం ఒక గదిలోనూ, పడకలు మరో గదిలోనూ వరండాలోనూ ఏర్పాటు చేయండి. ఒక్కొక్కరు ఒక మందపాటి రగ్గు తెచ్చుకోవాలని నిస్సంకోచంగా చెప్పండి.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. చలికి తాళలేక నిప్పుల కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడదు. బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నెగడు ఆరుబయట వేసుకుని, అందరూ కాగాక ఆర్పి లోపలికి రావాలి.

భిక్ష విషయానికి వస్తే, రోజుకు ఒక్కపూటే అన్నం తినేవారు కనుక మనిషికి 200 గ్రాముల బియ్యం, 60 గ్రాముల కందిపప్పు లెక్క వేసుకోండి. మీ ఇంటివారితో కలిపి రెండున్నర కిలోల బియ్యం సరిపోతుంది. కూరలకు సంతను నమ్ముకోండి. ఆ కాలంలో గుమ్మడి, చిక్కుడు, మీ ప్రాంతపు రాజ్‌మా చక్కగా దొరుకుతాయి. రాత్రి నానబెట్టిన రాజ్‌మాను ఉల్లి, వెల్లుల్లి లేకుండా అల్లం, మిరియాలతో వండితే స్వాములు ఇష్టంగా తింటారు. కొబ్బరికాయలు, తమలపాకులు, నెయ్యి, కర్పూరం, పూలు వచ్చేవారే నర్సీపట్నంలో కొని తేవడం మేలు. వాటి కోసం మీరు సెలవు పెట్టి కొండ దిగడం అనవసరం.

జవాబు: మన్యంలో ఏ.ఎన్.ఎం.గా పనిచేస్తున్న సోదరి

గురుస్వామి గారు చెప్పినవాటికి ఆరోగ్యం గురించి కొన్ని మాటలు చేరుస్తాను. మన్యంలో మలేరియా చలికాలంలో తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ప్రతి ఒక్కరూ దోమతెర తెచ్చుకోవాలి, వరండాలో పడుకునేవారు మరీ తప్పనిసరిగా వాడాలి. దోమ కుట్టిన ఒకటి రెండు వారాలకు గానీ జ్వరం బయటపడదు కాబట్టి, ఇంటికి వెళ్లాక చలిజ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లి వచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలని అందరికీ చెప్పి పంపండి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది.

వచ్చేవారిలో షుగరుకు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారు ఎవరో ముందే అడిగి తెలుసుకోండి. ఒంటిపూట భోజనం చేస్తూ మామూలు మోతాదు మందు వేసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, దీక్షలో మోతాదు ఎలా మార్చుకోవాలో వారు తమ డాక్టరును అడిగి రావాలి. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే నియమం చూడకుండా వెంటనే బెల్లం నీళ్లో పంచదారో ఇవ్వండి. ఎవరి మందులు వారు రెండు రోజులకు సరిపడా అదనంగా తెచ్చుకోవాలి.

స్వాములు చెప్పులు వేసుకోరు. చీకటి పడ్డాక టార్చి లేకుండా ఎవరూ బయట అడుగు పెట్టకూడదు. పాము కాటు వేస్తే కట్లు కట్టడం, కోయడం చేయకుండా కాలిని కదపకుండా ఉంచి, విషవిరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 108కు ఫోన్ చేయాలంటే మీరు గట్టెక్కాలి కనుక, ఊళ్లో జీపు గానీ ఆటో గానీ ఉన్నవారితో ఆ రెండు రోజుల కోసం ముందే మాట్లాడి ఉంచుకోండి.

అన్నయ్యా, మరొక్క మాట. తేదీ ఖాయం చేసేముందు వదినగారిని అడిగారా? దీక్షలో ఉన్న ఇంట్లో నెలసరి రోజుల నియమం ఎంత భారమో ఆడవారికి తెలుసు. పట్టణంలోనైతే పుట్టింటికో పక్కింటికో వెళ్తారు. రెండు గదుల ఇంట్లో, చిన్న బిడ్డతో, చలిలో ఆమె ఎక్కడికి వెళ్తుంది? ఆమెకు వీలైన తేదీనే పెట్టుకోండి. భిక్ష వంట స్వాములే చేసుకోవడం ఆనవాయితీయే కనుక, వంటంతా ఆమె మీద పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. తేదీ విషయం ఈ రాత్రే నా భార్యతో మాట్లాడతాను. ఇంకొక సందేహం మిగిలి ఉంది. మా ఇంటికి ఆనుకుని ఉన్న కుటుంబంలో రోజూ ఎండుచేపలు వండుతారు. స్వాములు ఉన్న రెండు రోజులు వండవద్దని వారిని అడగవచ్చా? పడిపూజకు మైకు పెట్టాలని కూడా కొందరు స్వాములు కోరుతున్నారు.

జవాబు: గురుస్వామి

వండవద్దని అడగవద్దు, స్వామీ. మాల మన మెడలో ఉంది, వారి మెడలో లేదు. వాసన తగలకుండా పీఠాన్ని అవతలి గదిలో పెట్టుకోవడం మన పని. దానికి బదులుగా ఒక వారం ముందే ఊరి పెద్ద దగ్గరకు వెళ్లి, ఎవరు వస్తున్నారో, ఎన్ని రోజులు ఉంటారో, రాత్రి ఎంతసేపు భజన జరుగుతుందో చెప్పి అనుమతి తీసుకోండి. ఊరి దేవత ఉండే చోటు చుట్టుపక్కలకు ఎవరూ తెలియక వెళ్లకుండా, ఎక్కడ నడవవచ్చో, ఎక్కడ నడవకూడదో ఆయననే అడగండి. మైకు వద్దు. తెల్లవారితే కోతలకూ నూర్పిళ్లకూ వెళ్లే మనుషులు వారు. తాళాలతో, చప్పట్లతో శరణుఘోష చేసుకుని తొమ్మిదిన్నరకల్లా ముగించండి. పూజకు ఊరివారిని పిలవండి, ప్రసాదం ఇంటింటికీ పంపండి, రాని వారిని బలవంతపెట్టకండి.

పద్దెనిమిది మెట్లకు చెక్క పడి మోసుకురానక్కరలేదు, అలికిన నేల మీద బియ్యప్పిండితో మెట్లు గీసి ప్రమిదలు పెడితే చాలు. అరటి బోదెలు ఎవరి తోట నుంచి తెచ్చినా అడిగి, డబ్బు ఇచ్చి తెచ్చుకోండి. ఆ నెలలో వరికుప్పలూ గడ్డివాములూ ఇళ్ల పక్కనే ఉంటాయి కాబట్టి కర్పూర హారతి ఇంట్లోనే, పక్కన రెండు బిందెల నీళ్లు ఉంచుకుని ఇవ్వండి. పాఠశాల ఆవరణను పూజకు గానీ బసకు గానీ వాడవద్దు, మీ ఉద్యోగానికీ అది మంచిది కాదు.

ప్రయాణం గురించి చివరగా చెబుతున్నాను. గంజాయి రవాణా కారణంగా ఈ దారిలోని చెక్‌పోస్టుల వద్ద వాహనాలను ఆపి చూస్తారు. అందరూ ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోవాలి, దారిలో ఎవరైనా ఏ మూట ఇచ్చి ఫలానా చోట దింపమన్నా తీసుకోకూడదు. శనివారం ఉదయమే బయలుదేరి పగటి వెలుగులో ఘాట్ ఎక్కాలి. సిగ్నల్ లేని ఊరు కాబట్టి, మధ్యాహ్నం మూడింటికి మీరు గట్టు మీద ఫోనుతో ఉంటారని వారికి ముందే చెప్పండి. ఆదివారం భిక్ష పన్నెండున్నరకు పెట్టి, రెండు గంటలలోపు వాహనం కదిలేలా చూడండి. సాయంత్రం పొగమంచు దిగాక లంబసింగి ఘాట్‌లో డ్రైవరుకు ముందున్న మలుపు కనిపించదు.