కాలనీ నాలుగు రోడ్ల దగ్గర స్టాప్ బోర్డులు పెట్టించాలా? (విజయనగరం)

ప్రశ్న:
రింగు రోడ్డు వైపు కాలనీ. 30 అడుగుల సిమెంటు రోడ్డుకి 20 అడుగుల సందు అడ్డంగా వస్తుంది. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పెద్ద రోడ్డు మీద స్కూలు బస్సులు, ఆటోలు ఆగకుండా తిరుగుతాయి. ఒక మూల ఆరడుగుల ప్రహరీ, ఎదుటి మూల కానుగ చెట్టు, దాని కింద టిఫిన్ బండి. సందులోంచి వచ్చే బైకు ముందు చక్రం రోడ్డెక్కేదాకా ఏదీ కనబడదు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులు కావాలని కొందరు, హంపులు చాలని కొందరు. ఏది మేలు?

జవాబు 1:
నాలుగు వైపులా వద్దండి. ఆ పద్ధతి అమెరికాది. ముందు వచ్చి ఆగినవాడు ముందు కదలాలని అక్కడ లైసెన్సుకి చదివేటప్పుడే నేర్పుతారు కాబట్టి నడుస్తుంది. వేగం తగ్గించడానికి స్టాప్ బోర్డు వాడొద్దని వాళ్ల మాన్యువలే చెబుతుంది. మన దగ్గర, గుర్తులేవీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలన్న రూలు పుస్తకంలో ఉంది, రోడ్డు మీద లేదు.

ఎవరు ఆగాలో తేల్చడమే బోర్డు పని. కాబట్టి సందు రెండు కొసలకే పెట్టాలి.

స్టాపా, గివ్ వేనా (నెమ్మదించి దారిమ్మనే బోర్డు) అన్నది చూపుని బట్టి. పెద్ద రోడ్డు మీద వేగం 50 కి.మీ. అయితే, సందులో 15 మీటర్ల వెనక నుంచి ఆ రోడ్డు 110 మీటర్ల మేర కనబడాలని రోడ్ల కొలతలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. అంటే దాదాపు 8 సెకన్ల దూరం. వేగం 40 అయితే 90 మీటర్లు వేసుకోండి. అంత కనబడితే తలకిందుల త్రికోణం, అదే గివ్ వే, సరిపోతుంది. అంచుకొచ్చి ఆగితే తప్ప కనబడకపోతే స్టాప్. ఆగినా కనబడకపోతే బోర్డు దండగ, ముందు ఆ మూల తెరవాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఈ మూడోదే.

ప్రశ్న అడిగినవారు:
వేగం కొలిచేదెలా మాస్టారూ?

జవాబు 1:
పెద్ద రోడ్డు మీద 30 మీటర్ల ఎడంతో రెండు సుద్దగీతలు గీయండి. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి 108ని సెకన్లతో భాగిస్తే కి.మీ. వేగం వస్తుంది. 2.7 సెకన్లు పడితే 40 అన్నమాట. నలభై బండ్లు రాసుకుని, బాగా జోరుగా పోయిన ఆరింటిని పక్కన పెట్టండి. మిగిలినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ వేగం పట్టుకుని పై లెక్క చూడండి. రోడ్డు పక్కన అందరికీ కనబడేలా నిలబడితే బండ్లు నెమ్మదిస్తాయి, అంకె తప్పుతుంది. చూపు కొలిచేటప్పుడు కాస్త వంగండి. డ్రైవరు కన్ను నేలకి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

జవాబు 2:
హంపు అడిగేవాళ్లకి ఒక మాట. కొలతలు చెప్పకపోతే కాంట్రాక్టరు అడుగు వెడల్పు గట్టు కట్టి పోతాడు. దాని మీద బైకు ఎగిరి పడుతుంది, గర్భిణులకి నరకం. సరైన హంపు వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, గుండ్రటి వంపు. దాన్ని 25 కి.మీ. వేగంతో హాయిగా దాటొచ్చు. తెల్లగీతలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు తప్పనిసరి. రంగు లేని హంపు రాత్రిపూట గోతితో సమానం. కాలవ వైపు కాస్త ఖాళీ వదలకపోతే వానకి నీళ్లు నిలుస్తాయి. హంపులు పెద్ద రోడ్డుకే, బోర్డు సందుకి.

జవాబు 3:
బోర్డు చందాలతో కొని పాతేయకండి. మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమో, అది అధికారం ఇచ్చిన సంస్థో పెట్టాలి. లేకపోతే దాన్ని దాటినవాడి మీద కేసు నిలవదు. వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీకి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి వెళ్లండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. అర్జీకి మూలల ఫొటోలు, వేగం పట్టిక, చేత్తో గీసిన ప్లాను జతచేయండి.

బోర్డు ఎడమ పక్క, కింది అంచు రెండు మీటర్లకి తగ్గకుండా, రాత్రి మెరిసే రేకుతో ఉండాలి. రోడ్డు మీద తెల్లటి అడ్డగీత కూడా అడగండి, అది లేకపోతే ఎక్కడ ఆగాలో తెలీదు. పండగలకి ఆ స్తంభానికే ఫ్లెక్సీ కడతారు, దాని మీద ఓ కన్నుండాలి.

ప్రశ్న అడిగినవారు:
టిఫిన్ బండిని పది మీటర్లు అవతలికి జరపమని అడిగాం, ఒప్పుకున్నాడు. కానుగ కొమ్మలు, వేగం కొలత ఈ వారంలో.

జవాబు 1:
కొమ్మలు కొట్టేటప్పుడు పైన కరెంటు తీగలుంటే ముందు లైన్‌మన్‌ని పిలవండి. ప్రహరీ మూల ఎటూ మిగులుతుంది. కూల్చక్కర్లేదు, అక్కడ కుంభాకారపు అద్దం అడగండి. అద్దంలో బండి ఉన్నదానికంటే దూరంగా కనబడుతుంది, అందుకని అద్దం పెట్టినా స్టాప్ బోర్డు ఉండాల్సిందే.