పీఎక్స్‌ఈ ఉంటే కాళ్ల రక్తనాళాలు ఎందుకు గట్టిపడతాయి?

ప్రశ్న (గోదారి అక్క):
మా చెల్లికి మెడ పక్కన పసుపు రంగు చిన్న పొక్కులు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి, ఎవరం పట్టించుకోలేదు. ఈమధ్య గీతలు వంకరగా కనిపిస్తున్నాయంటే కంటి డాక్టర్ చూసి, రెటీనా కింది పొరలో పగుళ్లున్నాయని చర్మం బయాప్సీకి, జీన్ టెస్టుకి పంపారు. స్యూడోక్సాంథోమా ఎలాస్టికం (పీఎక్స్‌ఈ) అని తేలింది. ఇప్పుడు కాస్త దూరం నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయి, ఆగితే తగ్గుతోంది. షుగర్ లేదు, కొలెస్ట్రాల్ నార్మల్, మరి రక్తనాళాల్లో ఇబ్బంది ఎందుకు? పాలు, పెరుగు మాన్పించాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

వాస్కులర్ రవి:
అక్కా, ఇది మామూలు కొవ్వు బ్లాక్ లాంటిది కాదు. కొవ్వు చేరేది ధమని లోపలి పొరలో, ఇక్కడ ముందు దెబ్బతినేది గోడ మధ్యలోని ఎలాస్టిన్ పోగులు. గుండె కొట్టిన ప్రతిసారీ ధమని కొంచెం సాగి రబ్బరు బ్యాండులా వెనక్కి రావాలి, ఆ పని ఈ పోగులదే. వాటిమీద కాల్షియం ఫాస్ఫేట్ చేరేకొద్దీ అవి ముక్కలై గోడ బిరుసెక్కుతుంది, దారి కూడా సన్నబడుతుంది, ముఖ్యంగా కాళ్లలో. కూర్చున్నప్పుడు ఆ రక్తం సరిపోతుంది, నడిచేటప్పుడు పిక్కలకి చాలదు, అదే ఆ నొప్పి.

అసలు లోపం ధమనిలో పుట్టింది కాదు. ఈ జబ్బులో లోపం ఉండే ఏబీసీసీ6 జీన్ ఎక్కువగా పనిచేసేది కాలేయంలో. దానివల్ల కణాల నుంచి బయటికొచ్చే ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే పదార్థం) నుంచి పైరోఫాస్ఫేట్ తయారవుతుంది, కాల్షియం ఎక్కడపడితే అక్కడ గట్టిపడకుండా ఆపేది అదే. మీ చెల్లికి తగ్గింది ఆ కాపలా, రక్తంలో కాల్షియం పెరగలేదు. అందుకే పాలు, పెరుగు మాన్పించి లాభం లేదు. కాల్షియం మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు.

నడక మిత్రుడు:
నాకూ ఇదే జబ్బు. కాలి చీలమండ దగ్గర, చేతికి బీపీ కొలిచి పోల్చే ఏబీఐ పరీక్ష చేయించండి. నాళం బాగా బిరుసెక్కితే పట్టీ నొక్కినా అణగక రీడింగ్ ఎక్కువగా రావచ్చు, అప్పుడు కాలి బొటనవేలి ప్రెషర్ చూడమనండి. ఎటిడ్రోనేట్ గురించి కూడా అడగండి, అది పైరోఫాస్ఫేట్‌ని పోలిన మందు. నెదర్లాండ్స్‌లో 74 మంది మీద ఏడాదిపాటు చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో, మందు వాడినవాళ్ల తొడ ధమనుల్లో కాల్షియం సుమారు 4 శాతం తగ్గితే, వాడనివాళ్లలో 8 శాతం పెరిగింది. ఎముకలకి సంబంధించిన మందు కాబట్టి సొంతంగా మొదలుపెట్టొద్దు. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు కూడా అంతే, ఈ జబ్బులో కంట్లో, కడుపులో రక్తస్రావం భయం ఉంది.

జీన్స్ మాధవి:
ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ లోపమున్న కాపీ వస్తేనే ఈ జబ్బు. మీ అమ్మానాన్నలది మేనరికమా? అయినా కాకపోయినా తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ 25 శాతం అవకాశం ఉంటుంది, అంటే మీకు కూడా. మీరు కూడా కళ్లు చూపించుకోండి.

గోదారి అక్క:
అవునండీ, అమ్మ సొంత మేనబావనే చేసుకుంది. నేనూ, తమ్ముడూ ఇద్దరం పరీక్ష చేయించుకుంటాం. చెల్లి నడక మానేయాలా?

వాస్కులర్ రవి:
మానొద్దు. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవడమే దీనికి మంచి వైద్యం, పక్క దారుల్లో రక్తప్రసరణ మెరుగవుతుంది. కాకపోతే ముందు కంటి డాక్టర్‌తో మాట్లాడండి. తలకి, కంటికి దెబ్బ తగిలే ఆటలు మాత్రం పూర్తిగా వద్దు. గీతలు ఇంకా వంకరైతే అదే రోజు వెళ్లండి, కంట్లో ఇంజెక్షన్ ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది.